జెలిగ్ తిరిగివ్వని పుస్తకం

ఎల్సీ దగ్గర పుస్తకం తీసుకుని గడువు దాటించడమంటే పులి నోట్లో తలపెట్టడమే. స్వీడన్ తీరాన ఒక చిన్న ఊళ్ళో యూదుల ప్రార్థన మందిరం ఉంది. దాని వెనక గదిలోని గ్రంథాలయం ఆమెది. పెళ్ళి విందులో ఎదురుపడినా సరే, "నా పుస్తకం ఏదీ?" అనేది. భర్త మోరిట్స్ మందిరం కాపలాదారు. స్వర్గానికి వెళ్ళినా ఈమె ముందు అక్కడి బీరువాలు సర్దుతుందని ఏడిపించేవాడు.

ఆమెకు లొంగనివాడు జెలిగ్ ముసలాయన ఒక్కడే. మతనియమం ప్రకారం పశువుల్ని కోసే వృత్తి ఆయనది. ఎద్దు మెడను ఒంటిచేత్తో వంచేవాడు. సాయంత్రాలు మాత్రం చదువే లోకం. ధర్మశాస్త్ర వ్యాఖ్యానం ఒకటి పట్టుకెళ్ళి ఏళ్ళతరబడి తిరిగివ్వలేదు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"ఇంకా అవలేదమ్మా. నిదానంగా చదువుతున్నా."

చలికాలం మొదట్లో జెలిగ్ పోయాడు. చిరిగి పనికిరాని పవిత్ర గ్రంథాల్ని వాళ్ళు పారెయ్యరు. బాగా చదువుకున్నవాడు పోతే, వాటిని ఆయన పక్కనే గోతిలో పాతిపెడతారు. జెలిగ్ కొడుకు అలా తెచ్చిన పుస్తకాల మూటలో ఎల్సీకి తన గ్రంథాలయం ముద్ర కనిపించింది. అట్ట గట్టిగానే ఉంది. మట్టి వెయ్యకముందే వంగి దాన్ని లాగేసుకుంది. చచ్చినవాడికి చదువెందుకని సణిగింది కూడా. కొడుకు బిత్తరపోయాడు గానీ, గోతి దగ్గర గొడవెందుకని ఊరుకున్నాడు.

ఆ తర్వాతి సబ్బాతు రోజున, అంటే వాళ్ళ వారపు విశ్రాంతి దినాన, మధ్యాహ్నం దాటగానే పొద్దు గుంకింది. బయట మంచు. మోరిట్స్ బల్ల దగ్గర కూర్చుని ఆ పుస్తకమే చదువుతున్నాడు. ఎల్సీ తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో పెడుతోంది. గదిలో పాత కాగితాల వాసన, కరిగిన మైనం వాసన. వాటి మీదికి మెల్లగా ఇంకో వాసన వచ్చింది. తడి మట్టి. దాని వెనకే... పచ్చి నెత్తురు.

సబ్బాతు నాడు నిప్పు ముట్టరని నిన్నే వెలిగించి ఉంచిన దీపం సన్నగిల్లింది.

"తలుపు వేశావా?" మోరిట్స్ గొంతు తగ్గించి అడిగాడు.

"వేశాను."

బల్ల అవతల కుర్చీ జరిగింది. అందులో ఎవరూ లేరు. పుస్తకం అటు కదిలింది... మోరిట్స్ ఇటు లాక్కున్నాడు. టప్‌మని చప్పుడు. అతని చిటికెనవేలు వెనక్కి విరిగింది. అతను అరిచాడు. ఇంకో వేలు... ఇంకోటి...

"వదిలెయ్ మోరిట్స్. కింద పడెయ్."

"నేల మీద... పడకూడదే..."

పుస్తకం పొరపాటున నేలకి తగిలితే ఎత్తి ముద్దుపెట్టుకునే జనం వాళ్ళు. విరిగిన వేళ్ళతోనే దాన్ని గుండెకు హత్తుకున్నాడు. ఏదో అతన్ని జుట్టుపట్టి లేపి బీరువాకేసి కొట్టింది. అద్దం పగిలింది. మళ్ళీ కొట్టింది. నుదురు చిట్లి నెత్తురు కళ్ళలోకి కారింది. తల వెనక్కి వంగింది... ఇంకా వంగింది. గొంతు బిగుసుకుని పైకి తేలింది. కత్తి కనబడలేదు. చర్మం మీద ఎర్రటి గీత మాత్రం ఒక చెవి కింద మొదలై మెల్లగా సాగింది.

పశువు మెడ అలా వంచేది ఈ ఊళ్ళో ఒక్కడే. ఎల్సీ ఒక్క ఉరుకున వెళ్ళి మొగుడి చేతుల్లోంచి పుస్తకం లాగి, గాలిలోకి చాచింది.

"తీసుకో జెలిగ్. నీదే. నెమ్మదిగా చదువుకో... ఈయన్ని వదిలెయ్."

పుస్తకాన్ని ఎవరూ అందుకోలేదు. గీత ఆగింది. మోరిట్స్ కుప్పకూలాడు.

మర్నాడు ఆమె జెలిగ్ సమాధి మీది గడ్డకట్టిన మట్టిని గోళ్ళు ఊడేలా తవ్వి, ఆ పుస్తకాన్ని లోపలికి తోసి కప్పెట్టింది.

ఆసుపత్రిలో మోరిట్స్ గొంతుకి కుట్లు వేశారు. స్పృహ రాలేదు. ఈ మనిషి బతికితే చాలు, బీరువాలన్నీ తగలబడినా సరే అనుకుంది ఎల్సీ. రెండోరోజు అతని పెదవులు కదిలాయి. నర్సు మంచి సూచనే అంది. ఎల్సీ ఆశగా చెవి ఆనించింది. చదువుతున్నాడు. ధర్మశాస్త్రం... నిదానంగా, మాట వెంట మాట. కట్టు కట్టిన చెయ్యి కాస్త లేచి, లేని పేజీ తిప్పింది.

ఆ పుస్తకం పెద్దదేమీ కాదు. ఎల్సీకి తెలుసు. ఇంకా ఎన్ని పేజీలు మిగిలాయో ఆమె లెక్కపెడుతూనే ఉంది.

వారం తిరగకుండా, ఒక ఉదయం పెదవులు ఆగిపోయాయి. మోరిట్స్ కళ్ళు తెరవలేదు. కట్టులేని చెయ్యి మాత్రం దుప్పట్లోంచి బయటికొచ్చి, అరచెయ్యి పైకి పెట్టి, ఇంకో పుస్తకం ఇమ్మన్నట్టు ఆమె ముందు చాచుకుని ఉండిపోయింది.