అంచులు పట్టుకో!

కరెంటు పోయింది!

హాలంతా ఒక్కసారిగా చిమ్మచీకటి. అనుకున్నట్టే... కింద మామయ్య మెయిన్ లాగేశాడు.

అందరూ చిల్లర అని పిలిచే ఆ పిల్ల బల్ల కింద నుంచి బయటికి పాకింది. సాయంత్రం జనంతో పాటు లోపలికి వచ్చింది. జనం వెళ్లిపోయారు. తను వెళ్లలేదు. దేశదేశాల నోట్లు, నాణేల ప్రదర్శన ఇది. ఇవాళే ఆఖరు. తెల్లారితే ఈ గాజు పెట్టెలు ఉండవు. ఆ నాణెం ఉండదు.

నాన్నని చంపినవాడి గుర్తు కూడా ఉండదు!

గోడవారగా చివరి పెట్టె. తడుముకుంటూ చేరింది. మోచేతికి తువ్వాలు చుట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని... ఒక్క పోటు!

గాజు భళ్లున పగిలింది!

"ఎవర్రా అది?"

ఆ మూల నుంచి కేక. టార్చి వెలిగింది. వెలుతురు గోడల మీద పిచ్చిదానిలా తిరుగుతోంది.

మఖమలు గుడ్డ మీద రాగి నాణెం. చిల్లర రెండు వేళ్లతో అంచులు పట్టుకుని పైకి తీసింది. ఆ కంగారులో కూడా అంచులే. నాన్న నేర్పిన పద్ధతి, చేతికి అలవాటైపోయింది.

పరుగు!

"ఆగు! కాలుస్తా!"

ఢాం!

పైకప్పు పెచ్చు ఒకటి ఊడి భుజం మీద పడింది. కాళ్లు మాత్రం ఆగలేదు.

వెనకాల పరిగెత్తుతున్నది గ్లోవ్స్. ఆ పేరు పెట్టింది బజారు. ఎండాకాలంలో కూడా చేతులకి తెల్లటి నూలు గ్లోవ్స్ తియ్యడు. నోట్లు, నాణేలు పోగు చేసే పెద్ద ఆసామి, ఈ ప్రదర్శన అతనిదే. రాత్రయితే కాపలావాణ్ణి కూడా నమ్మడు, తనే తాళాలు వేసుకుంటాడు.

ఏడేళ్ల క్రితం నాన్న దుకాణానికి వారానికి రెండుసార్లు వచ్చేవాడు ఈ గ్లోవ్స్. ఆ నాణెం అమ్మమని బతిమాలేవాడు.

నాన్న నవ్వి, తల అడ్డంగా ఊపేవాడు.

మేడ మీద ఒక్క గది, అదే నాన్న నాణేల దుకాణం. చిల్లర పెరిగింది అక్కడే. ఏ డబ్బాలో చెయ్యి పెట్టినా నువ్వే దొరుకుతావే అంటూ ఆ పేరు పెట్టాడు నాన్న. అసలు పేరు బడి వాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. జపాన్ వాళ్ల చిల్లు నాణెం దారానికి గుచ్చి మెళ్లో వేశాడు. జింబాబ్వే నోటు మీద సున్నాలు లెక్కపెట్టించాడు. "నూరు లక్షల కోట్లు చిల్లరా! మనంత ఉన్నవాళ్లు ఈ వీధిలో లేరు. వెళ్లి పక్కింట్లో గ్లాసెడు పంచదార అప్పు తే," అనేవాడు.

ఆ చివరి రాత్రి, తనని ఇంట్లో పడుకోబెట్టి దుకాణంలో పడుకోవడానికి వెళ్లే ముందు, ఈ రాగి నాణెం చూపించాడు. దాని మీద ఓడ ఉంది. ఆ ఓడకి తెరచాప లేదు. అచ్చు వేసేటప్పుడు జరిగిన తప్పు. ఆ తప్పు వల్లే దానికంత విలువ. కొత్త రాగి మిలమిలా మెరిసింది. ఒక్క మచ్చ లేదు.

తెల్లారేసరికి దుకాణం బూడిద. నాన్న కూడా...

షార్ట్ సర్క్యూట్ అన్నారు. నాణెం కరిగిపోయి ఉంటుందన్నారు.

కరగలేదు!

మొన్న బడి పిల్లల వెంట ప్రదర్శనకి వచ్చినప్పుడు చూసింది. తెరచాప లేని ఓడ! ఆ ఓడ మీద గోధుమ రంగులో, మసకగా... ఒక వేలిముద్ర!

ఇంటికి పరిగెత్తుకెళ్లి మామయ్యకి చెప్పింది. మామయ్య ముఖం తెల్లబోయింది.

"ఆ వేలిముద్ర గ్లోవ్స్‌గాడిదే అమ్మడూ," అన్నాడు చివరికి. "మంట పెట్టి, ఆ రాగి బిళ్ల పట్టుకెళ్లిందీ వాడే. కానీ మన మాట ఎవడు వింటాడు? ముందు అది మన చేతికి రావాలి. నువ్వు తెచ్చి నాకివ్వు. మిగతాది నేను చూసుకుంటా."

అమ్మ లేని పిల్లని, నాన్న కూడా పోయాక, పెంచింది మామయ్యే. ఆయన చెప్పాక ఇంకేం ఆలోచిస్తుంది?

మెట్లు! రెండేసి మెట్లు ఒక్కసారి దూకుతోంది. కిందికి... ఇంకా కిందికి... మెయిన్ బోర్డు ఉన్న గదికి. మామయ్య అక్కడే కలుస్తానన్నాడు.

పైనుంచి గ్లోవ్స్ అరుపు.

"ఏయ్ పిల్లా! అంచులు పట్టుకో! నాణెం ముఖం తాకకు!"

వీడికేమైనా పిచ్చా... చేతిలో పిస్టల్ పెట్టుకుని ఈ పాఠాలేంటి?

"జేబులో వెయ్యకు! తాళం చెవులు గీసుకుంటాయి! అంచులు... అంచులు పట్టుకో!"

గదిలోకి దూరింది. చీకటి. వైర్లు కాలిన వాసన.

"మామయ్యా!"

జవాబు లేదు.

అడుగులు దగ్గరయ్యాయి. ఆయాసం వినిపిస్తోంది. తలుపు పక్కన మంటలార్పే ఎర్ర సిలిండర్ చేతికి తగిలింది. నాణేన్ని జాకెట్టులో ఉన్న చేతిరుమాలు మడతలోకి జార్చింది. సిలిండర్ రెండు చేతులా ఎత్తింది.

టార్చి లోపలికి వచ్చింది. దాని వెనకే తెల్లటి చెయ్యి.

బలం కొద్దీ అతని మోకాలి మీదకి దించింది!

"అమ్మా!"

గ్లోవ్స్ కుప్పకూలాడు. టార్చి ఒక మూలకి, పిస్టల్ ఒక మూలకి. చిల్లర పిస్టల్ మీదకి దూకింది.

ఇప్పుడు అది తన చేతిలో ఉంది. గురి అతని గుండె మీదే.

"ఏడేళ్లు!" అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఏడేళ్లుగా షార్ట్ సర్క్యూట్ అనుకున్నా. గుర్తుపట్టావా నన్ను?"

అతను కళ్లు చికిలించాడు. మోకాలి దగ్గర నెత్తురు. కళ్లు ఆమె మెళ్లోని చిల్లు నాణెం మీద ఆగాయి.

"నువ్వు... మేడ మీద దుకాణం... ఆయన కూతురివా!"

"ఆ ఆయన్నే నువ్వు తగలబెట్టావు!"

"నేనా?" నోరు తెరిచాడు. "నేను కొన్నానమ్మా! మంటలు ఆరిన వారానికి ఎవడో ఫోన్ చేశాడు. హెల్మెట్ తియ్యకుండా వచ్చాడు, డబ్బు తీసుకున్నాడు, పోయాడు. దొంగ సొమ్మని తెలిసీ కొన్నాను. అది నా తప్పే. కానీ మీ నాన్నని..."

"అబద్ధం! కాలిస్తే నిజం అదే బయటికొస్తుంది!"

"బాగా చెప్పావు అమ్మడూ."

వెనక నుంచి గొంతు!

బోర్డు చాటు నుంచి మామయ్య బయటికి వచ్చాడు. ఇంతసేపూ ఇక్కడే ఉన్నాడా? పిలిస్తే పలకలేదేం?

గ్లోవ్స్ ఉలిక్కిపడ్డాడు. "ఈ గొంతు... ఈ గొంతు నేనెక్కడో..."

"నోర్ముయ్!" అరిచాడు మామయ్య. "వాడి మాటలేంటి, కాల్చెయ్! ఏమన్నా అయితే నేనున్నాగా. ముందు బిళ్ల ఇలా ఇవ్వు."

చిల్లర వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

అంతలో ఆగింది.

"ముందు పోల్చి చూస్తా మామయ్యా. వీడి కళ్ల ముందే. గ్లోవ్స్ తియ్!"

"పోల్చేదేముంది! అది పోలీసుల పని."

"తియ్ అన్నానా!"

గ్లోవ్స్ వాటిని ఒక్కొక్కటిగా తీశాడు. ఎండ తగలని చేతులు. పిస్టల్ తిప్పకుండానే చిల్లర వంగి టార్చి అందుకుంది, చంకలో ఇరికించుకుంది. చిల్లు నాణెం పక్కనే మెళ్లో వేలాడే నాన్న భూతద్దం కంటికి పెట్టుకుంది.

అతని బొటనవేళ్లు రెండూ నున్నగా ఉన్నాయి. చిన్న గీత కూడా తెగలేదు.

చేతిరుమాలు విప్పింది. నాణెం మీదకి వెలుతురు.

తెరచాప లేని ఓడ. దాని మీద బొటనవేలి ముద్ర. సన్నటి గీతలు సుడి తిరిగాయి... ఆ సుడిని అడ్డంగా కోసేస్తూ...

ఒక గాటు!

"దీన్నెందుకు తుడవలేదు?" గ్లోవ్స్‌ని అడిగింది.

"తుడిస్తే నాణెం చచ్చిపోతుంది తల్లీ!" గ్లోవ్స్ నిజంగా బాధపడ్డాడు. "రాగి మీద వేలు పెడితే ఆ రోజు కనపడదు. ఏళ్లు గడిచాక పైకి తేలుతుంది. నేను కొన్నప్పుడు మచ్చలేదు. రెండేళ్లకి తేలింది. ఏ దద్దమ్మ పెట్టాడో ముఖం మీద వేలు! చూసినప్పుడల్లా ఏడుపొస్తుంది."

ఏ దద్దమ్మ పెట్టాడో...

చిల్లర నాణెం వైపు మళ్లీ చూసింది.

చీకట్లో దొంగని తరుముతూ కూడా అంచులు పట్టుకో అని అరిచిన మనిషి ఇతను. నిద్రలో లేపి చేతిలో పెట్టినా అంచులే పట్టుకుంటాడు. నాన్నా అంతే. తనూ అంతే.

ముఖం మీద వేలు పెట్టేది... నాణేన్ని బిళ్ల అనేవాడు.

"ఆ బిళ్ల ఇలా ఇవ్వు అమ్మడూ," అన్నాడు మామయ్య.

చెయ్యి చాచాడు. టార్చి వెలుతురు అరచేతి మీద పడింది.

బొటనవేలి మీద అడ్డంగా గాటు!

తెలుసు ఆ గాటు. తన చిన్నప్పుడు ఇంట్లో ఫ్యాను బిగిస్తుంటే వైర్లు కోసే కట్టరు జారింది. కట్టు కట్టింది నాన్నే. నాన్న పోయిన రోజు తన కన్నీళ్లు తుడిచింది ఆ వేలే. వైర్లు చూసి షార్ట్ సర్క్యూట్ అని తేల్చిందీ... ఊళ్లో పేరున్న ఎలక్ట్రీషియన్... మామయ్యే!

రెండో చేతిలో ఏదో ఉంది. గుడ్డ పీలిక. ఘాటు వాసన. ఇత్తడి సామాను మెరుగు పెట్టే పాలిష్!

"ఆ గుడ్డెందుకు మామయ్యా?"

"మురికిగా ఉంది కదా... తుడుద్దామని."

"పోలీసులకి ఇచ్చేదాన్ని తుడుస్తావా?"

మామయ్య గుడ్డ వెనక్కి దాచుకున్నాడు.

పిస్టల్ నెమ్మదిగా తిరిగింది. గ్లోవ్స్ మీద నుంచి... మామయ్య మీదకి!

"అమ్మడూ! పిచ్చి చేష్టలు చెయ్యకు. ఏడేళ్లు అన్నం పెట్టా నీకు!"

"ఏ చేత్తో మామయ్యా?"

మామయ్య ముఖం మారిపోయింది. ఇంట్లో ఎప్పుడూ చూడని ముఖం.

"నేను చంపడానికి వెళ్లలేదే! బిళ్ల తీసుకుని వచ్చేద్దామనుకున్నా. మీ నాన్న లేచాడు. కాళ్లు పట్టుకున్నాడు, వదలడు! వెధవ రాగి బిళ్ల కోసం... తోశాను. తల బల్లకి కొట్టుకుంది. లేవలేదు."

"బతికే ఉన్నాడా?"

మామయ్య తలుపు వైపు చూశాడు.

"నువ్వు మంట పెట్టేటప్పుడు నాన్న బతికే ఉన్నాడా, మామయ్యా?"

మామయ్య కళ్లు దించుకున్నాడు.

గ్లోవ్స్ గోడకి ఒరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు కాల్చలేవు," అన్నాడు మామయ్య. ఒక అడుగు ముందుకి. "ఎలకని చూసినా మంచం ఎక్కేదానివి. ఇవ్వు. ఒక్కసారి రుద్దితే పోతుంది. ఇంటికెళ్దాం. ఏమీ జరగనట్టే ఉందాం."

ఇంకో అడుగు.

"నాన్న కూడా ఇలాగే పట్టుకున్నాడా నీ కాళ్లు?"

"ఇవ్వమన్నానా!"

దూకాడు!

ఢాం!

గది దద్దరిల్లింది. మామయ్య మోకాలు పట్టుకుని నేల మీద పొర్లుతున్నాడు. పాలిష్ గుడ్డ దూరంగా ఎగిరి పడింది.

నాణెం ఇంకా చిల్లర రెండు వేళ్ల మధ్యే ఉంది. అంచులు పట్టుకుని.

"తల్లీ... పోలీసులకి నేను ఫోన్ చేస్తా," అన్నాడు గ్లోవ్స్ సన్నగా. "ఎలా కొన్నానో కూడా చెప్తా."

చిల్లర తల ఊపింది. మామయ్య వైపు వంగింది. పిస్టల్ రెండో మోకాలి మీద ఆనించింది.

"వద్దమ్మడూ... వద్దు! ఇంకెక్కడా కాల్చకు..."

"చేతులు పైకెత్తు మామయ్యా," అంది మెల్లగా. "ఆ కుడి బొటనవేలు మాత్రం జాగ్రత్త. చిన్న గీత కూడా పడకూడదు. దానితో రేపు పనుంది."

నవ్వింది.

"కాలికి ఏమైనా... ఎవరూ అడగరు."

ఢాం!