మిరపకాయల పొగ

ఆ పొద్దున ఏసమ్మ వంటింటి కిటికీ మూసి, పెనం మీద ఎండుమిరపకాయలు కావాలనే మాడ్చింది. కిటికీ మూసినా ఆ ఘాటుకు మడికొండలోని ఆ కొత్త కాలనీలో సగం ఇళ్లు దగ్గే ఉంటాయి. కోడలు ప్రసన్న కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఇదివరకైతే ఒంటికాలి మీద లేచేది.

"పచ్చిపులుసుకా అత్తమ్మా? మంచిగ వేగినయి," అంది.

తిట్టు కోసం చూసిన ఏసమ్మ మొహం ముడుచుకుంది.

పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ అత్తాకోడళ్లది ఉప్పూ నిప్పూ వ్యవహారమే. కూరలో ఉప్పు మీద, కిటికీ మీద, చర్చికి ఆలస్యమైందని, ఏదో ఒకటి పోట్లాడుకోనిదే పొద్దుగూకేది కాదు. ఏసమ్మ కొడుకు శామ్యూల్ ఇద్దరికీ దండం పెట్టి ఆఫీసుకు పారిపోయేవాడు. పోయిన వారం ఏసమ్మకు కడుపునొప్పని స్కాన్ తీస్తే ఎడమ కిడ్నీలో గడ్డ కనిపించింది. అది క్యాన్సరో కాదో ఆ స్కానులో తేలలేదు. అప్పటినుంచి ప్రసన్న నోట "సరే అత్తమ్మా" తప్ప మరో మాట లేదు. ఏసమ్మకు ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. మనసు మొద్దుబారి, తిన్నదేమిటో కూడా నాలుకకు తెలియడం మానేసింది.

పెనం దించి గట్టు మీద ధనామని పెట్టింది.

"ఏం వేగినయి? బొగ్గులైనయి! తిట్టరాదా?"

"ఎందుకు తిడతా అత్తమ్మా..."

"నన్ను అప్పుడే పెట్టెల పెట్టి మేకులు కొట్టిన్రా? సచ్చేటోళ్లతోనే గింత మర్యాదగ మాట్లాడేది!"

ప్రసన్న పొయ్యి కట్టేసింది. "నాకు భయమైతాంది. నీకేమన్నా అయితే, నేనన్న ఆఖరి మాట తిట్టు కావద్దని నోరు కట్టుకున్న."

ఇంతలోనే రెండో స్కానుకు పోయే వేళయింది. శామ్యూల్ ఆటో పిలిచాడు.

దవాఖానలో ఈసారి స్కాన్ వేరే రకం, రెండు రకాల ఎక్స్‌రేలతో తీస్తారట. నరంలోకి ఎక్కించే మందు గడ్డలోకి పోతే అది రక్తం తాగి పెరిగే గడ్డ, క్యాన్సర్ కావచ్చు. పోకపోతే భయం లేదు. మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వేడి పాకింది. "ఊపిరి బిగపట్టమ్మా," అన్నారు. వారం నుంచీ ఆమె బిగపట్టే ఉంది.

డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. "గడ్డలోకి మందు అస్సలు పోలేదు. పాత రక్తం నిండిన తిత్తి, సిస్ట్ అంతే. క్యాన్సర్ కాదు, ఆపరేషన్ అక్కర్లేదు."

శామ్యూల్ కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పాడు. ప్రసన్న డాక్టరమ్మ చేతులు పట్టుకుంది. ఏసమ్మ మాత్రం "అట్లనా" అని లేచి వచ్చేసింది. అంత మంచి మాట విన్నా ఆమెలో ఏదీ కదల్లేదు.

ఇంటికొచ్చి, పొద్దున ఆగిన పచ్చిపులుసు కోసం మళ్లీ మిరపకాయలు పెనం మీద వేసింది. ఈసారి కావాలని కాదు, పరధ్యానంలో కిటికీ తెరవడం మరిచింది. పొగ ఇల్లంతా కమ్మింది.

"ఓ ఏసయ్యా! ఆ కిటికీ తెరువనీకి ఏం రోగం నీకు? క్యాన్సర్ లేదని తెల్వంగనే ఇంటిల్లిపాదిని పొగబెట్టి సంపుతవా?"

అనేసి ప్రసన్న నాలుక కరుచుకుంది.

ఏసమ్మ గరిటె వదిలేసింది. కొంగు నోట్లో కుక్కుకుని, వారం నాటి ఏడుపంతా ఒక్కసారే ఏడ్చింది. ప్రసన్న పరుగున వచ్చి ఆమెను గట్టిగా పట్టుకుంది.

"నా పొయ్యి, నా ఇష్టం," అంది ఏసమ్మ వెక్కుతూనే. "ఇంకో మాట అను, చూస్త."

"అంటా. ముందుగాల జర జరుగు, అవి మళ్లా మాడుతానయి."