పక్క సీటు బెల్టు

హరికృష్ణ పోయి ఏడాది దాటినా అతని ఎర్ర కారు ఆదోనిలో వాళ్ల ఇంటి పక్క షెడ్డులోనే ఉంది. రెండే సీట్లు. నేలకు కరుచుకున్నట్టుండే ఒళ్లు. స్టార్ట్ చేస్తే వీధి చివరిదాకా వినపడే గొంతు. పిల్లలు లేని ఇంట్లో అతను దాన్నే ముద్దు చేసుకున్నాడు. ఒకరోజు పత్తి గింజలు తీసే తన జిన్నింగు మిల్లులో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. కారు అమ్మేయమని అందరూ చెప్పారు. అతని భార్య మల్లేశ్వరి అమ్మలేదు.

ఆదివారం సాయంత్రాలు దాన్ని బయటికి తీసి ఎమ్మిగనూరు దాకా పోయి వచ్చేది. అక్కడ ఆమెకు పనేమీ లేదు. బస్టాండు దగ్గర ఒక టీ తాగి మళ్లీ ఎక్కేది. అంత బలమున్న బండిని అరవై దాటనిచ్చేది కాదు. ఆటోలు కూడా దాటిపోయేవి. బైకుల మీద కుర్రాళ్లు పక్కకొచ్చి నవ్వేవాళ్లు. ఆమె తల తిప్పేది కాదు. డ్రైవింగు నేర్పేటప్పుడు భర్త చెప్పిన మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి.

"ఈ బండికి తొందర జాస్తి మల్లీ. నిదానం మనమే తెచ్చుకోవాల. చేతులు రెండూ స్టీరింగు మీదనే ఉండాల. ఎదురుగా ఏమన్నా వస్తే స్టీరింగు పక్కకు తిప్పొద్దు. బ్రేకు మీద నిలబడు, అంతే."

ఆ శ్రావణమాసపు సాయంత్రం కూడా అలాగే తిరిగొస్తోంది. పొద్దు గుంకింది. పడమట మబ్బు పట్టింది. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి చేలల్లో మోకాలెత్తు పత్తి. తడిసిన మట్టి వాసన, ఎవరో గట్టున పారబోసిన ఉల్లిగడ్డల కుళ్లు వాసన. ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోయే బస్సొకటి ఎదురొచ్చి దాటిపోయింది. తర్వాత రోడ్డు ఖాళీ.

టింగ్... టింగ్... టింగ్.

ఉలిక్కిపడి చూసింది. పక్క సీటులో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ సీటులో ఎవరూ లేరు. చేతిసంచి కూడా లేదు. అది కాళ్ల దగ్గర ఉంది.

కారు పక్కకు తీసి ఆపింది. సీటు మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. నడిమధ్యలో కొంచెం లోపలికి దిగి ఉంది... ఎవరో కూర్చున్నట్టు.

వానకు లోపల ఏదో చెడి ఉంటుందనుకుంది. బెల్టు లాగి ఖాళీ సీటుకు పెట్టింది. మోత ఆగిపోయింది.

అప్పుడు, తనకే సిగ్గనిపించేంత మెల్లగా అడిగింది. "నువ్వేనా?"

బండి తీసి, మాట్లాడటం మొదలుపెట్టింది. మిల్లు రేకులు కారుతున్నాయని చెప్పింది. ఎంత కొంచెం బియ్యం పోసినా ఒక్కదానికి ఎక్కువే అవుతోందని, పొద్దున లేచి రెండు గ్లాసుల్లో కాఫీ పోసిన రోజులున్నాయని చెప్పింది. ఏడాదిగా ఆమె ఇన్ని మాటలు ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు బొంగురుపోయింది. కళ్లు తుడుచుకుని ఊపిరి పీల్చింది.

కారులో ఆముదం వాసన. పసిపిల్లల తలకు రాసేది.

"అమ్మా..."

స్టీరింగు మీద చేతులు బిగుసుకుపోయాయి. మిల్లులో కూలీలందరూ ఆమెను అమ్మా అనే పిలుస్తారు. ఇది ఆ పిలుపు కాదు. ఒళ్లో కూర్చుని, గడ్డం పట్టుకుని పిలిచే పిలుపు. దానికోసం ఆమె తిరగని ఆసుపత్రి లేదు, మొక్కని దేవుడు లేడు.

"ఇంగా జోరుగా పో అమ్మా."

భయపడాల్సింది. భయపడలేదు. ఆ గొంతు ఇంకోసారి వినాలనిపించింది. కాలు కొంచెం నొక్కింది. ఎనభై. పక్కన కిలకిలమని నవ్వు. వంద. "ఇంగా..." నూట ఇరవై. నూట నలభై. చేలు, గట్లు, కరెంటు స్తంభాలు అన్నీ ఒకటే నల్లటి చారగా కలిసిపోయాయి. ఇంతసేపటికి దారిలో ఊరు రావాలి. వీధి దీపాలు రావాలి. ఏదీ రాలేదు.

చాలనుకుంది. కాలు తీయబోయింది.

రాలేదు.

మోకాలి మీద ఒక చెయ్యి ఉంది. చిన్నది. చల్లగా... బరువుగా... కిందికి నొక్కుతోంది.

"వదులు... వదులు నాయనా..."

"ఇంగా..."

ఎదురుగా టార్చి వెలుగు ఊగింది. దాని వెనక ఈరన్న దర్శనానికి నడిచిపోయే మనుషులు. నెత్తిన మూటలు, భుజాన దుప్పట్లు. రోడ్డు నిండా నడుస్తున్నారు.

స్టీరింగు తిప్పలేదు. ఎడమకాలు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు మీద నిలబడింది. కారు వణికింది. టైర్లు అరిచాయి. రబ్బరు కాలిన కంపు. ముందున్న మనిషికి చేతికందేంత దూరంలో బండి ఆగింది.

జనం కేకలేస్తూ చెదిరిపోయారు. వాళ్లలోంచి టార్చి పట్టుకున్న ముసలాయన ఆమె పక్క అద్దం దగ్గరికి వచ్చాడు. ఉచ్చీరప్ప అని పిలుస్తున్నారెవరో వెనకనుంచి.

"ఏం తోలకమ్మా ఇది? ముందర బిడ్డను కూసోబెట్టుకోని ఇంత జోరా?"

"ఏ బిడ్డ?" అంది మల్లేశ్వరి.

ఆయన చుట్టూ తిరిగి అవతలి అద్దం దగ్గరికి పోయాడు. వంగి, టార్చి వేసి చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"దిగు తల్లీ," అన్నాడు. "దిగు ముందు."

ఆమె తన బెల్టు బటను మీదికి చెయ్యి పోనిచ్చింది. అప్పటికే దాని మీద ఒక వేలు ఉంది.

"మళ్లొస్తా..." అని గొణిగింది. ఎందుకన్నదో తనకే తెలీదు. "మళ్లొస్తా. వదులు."

కాసేపటికి... వేలు జరిగింది.

కారుకు తాళం వేసి, వాళ్ల వెంట బస్సు ఆగే చోటిదాకా నడిచింది. ఆదోని బస్సు దీపాలు కనపడినాక ఉచ్చీరప్పను అడిగింది. "ఏం చూసినావు పెద్దాయనా?"

"నీ దిక్కు తిరిగి కూసోనుండాది తల్లీ. నేను దాని ఈపు తట్టు నిలబడినా." ఆయన దుప్పటి గట్టిగా కప్పుకున్నాడు. "ఐనా నాకు మొగమే కనపడింది."

ఆ రాత్రి ఆమె ఇంట్లో దీపాలేవీ ఆర్పలేదు.

తెల్లారినాక మెకానిక్ గఫూర్ సాబ్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. కారు ఆపినచోటే ఉంది. ఎండ బాగా కాస్తోంది. గొర్రెలు పోతున్నాయి. రాత్రి జరిగిందంతా కలేమో అనిపించేంత మామూలుగా ఉంది.

గఫూర్ సాబ్ డ్రైవరు వైపు తలుపు తీసి, లోపలికి చూసి ఆగిపోయాడు.

"రాత్రి ఎవరన్నా తోలినారా అమ్మా?"

"లేదు. తాళం నా దగ్గరే ఉండాది."

"మరి ఈ సీటు ఇట్ల జరిపిందెవరు?"

ఆమె వంగి చూసింది. డ్రైవరు సీటు స్టీరింగుకు ఆనుకునేంతగా ముందుకు జరిగి ఉంది. ఆ సందులో పెద్దవాళ్లు పట్టరు. పక్క సీటు మాత్రం చివరిదాకా వెనక్కి జరిపి, కాళ్లు చాపుకుని కూర్చునేంత చోటు చేసి ఉంది.

ఆమెను ఎక్కమన్నట్టు, ఆ పక్క తలుపు జానెడు తెరిచి ఉంది.