అడగకూడని ప్రశ్న

“నీకు అమ్మ ఉందా?” అని అడిగింది ముసలావిడ.

“ఉందండి.”

“ఆవిడ బరువెంతో తెలుసా?”

“తెలీదు.”

“కన్నతల్లిది తెలీదు గానీ, నాది కావాల్సొచ్చిందా నీకు?”

మొంటానా రాష్ట్రంలో ఒక మూలనున్న స్కోబీ ఊరి రన్‌వే అది. నవంబరు గాలి కోసేస్తోంది. ఇళ్లలో వాడే బరువు తూచే మిషను ఒకటి నేల మీద పెట్టి, గాలికి జరిగిపోకుండా బూటుతో తొక్కిపట్టి నిలబడ్డాను. ఎదురుగా థోరా ఫ్లాటెన్ అనే డెబ్బై మూడేళ్ల ఆవిడ, నల్ల ఉన్ని కోటులో. ఆవిడ పక్కన మనవరాలు మారిట్. ఆ అమ్మాయి నన్ను చూస్తున్న చూపు గాలి కంటే చల్లగా ఉంది.

నా పేరు ఎమ్మెట్. బిల్లింగ్స్ పట్నంలో విమానాల మెకానిక్‌ని. తుక్కు కింద పోవాల్సిన నాలుగు సీట్ల విమానం ఒకటి సంపాదించి, నాలుగేళ్లు కూర్చుని బాగుచేసుకున్నాను. ఆస్పత్రులు లేని పల్లెల నుంచి రోగుల్ని ఉచితంగా పట్నానికి చేర్చే పైలట్ల బృందంలో నేనొకణ్ని. మాకు రెండు రూల్సున్నాయి. ఎక్కేవాళ్ల బరువు తప్పనిసరిగా అడగాలి. వాళ్ల జబ్బు సంగతి మాత్రం అస్సలు అడగకూడదు.

“ఫోన్‌లో చెప్పాం కదండీ, నూట నలభై పౌన్లని” అంది మారిట్. “రాసుకోలేదా?”

“రాసుకున్నాను” అంటూ బామ్మగారి వంక ఒకసారి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

“ఆ చూపేంటి?”

“ఏం లేదు. ఆ అంకె ఎక్కడిది బామ్మగారూ?”

“నా డ్రైవింగ్ లైసెన్సులోది. గవర్నమెంటు వాళ్లు అచ్చు వేసింది.”

“లైసెన్సు ఎప్పుడు తీసుకున్నారు?”

“పెళ్లికి ముందు. రెన్యువల్‌కి వెళ్లినప్పుడల్లా ఫోటో మార్చారు. అంకె గురించి వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు.”

మారిట్ నవ్వు ఆపుకోవడానికి మొహం అటు తిప్పుకుంది. విమానానికి అబద్ధాలు మొయ్యడం రాదని, బరువును బట్టే పెట్రోలు పోస్తానని, లెక్క తప్పితే రన్‌వే చాలదని నేను వివరించబోయాను. నా ఉపన్యాసం ఎవరూ వినలేదు. చివరికి మారిట్ ఒక దుప్పటి తెరలా పట్టుకుంది. దాని వెనక బామ్మగారు మిషనెక్కింది. నేను విమానం తోకను చూస్తూ నిలబడ్డాను.

“పైకి చదివావంటే దిగిపోతా” అంది బామ్మ మనవరాలితో.

కాగితం మీద రాద్దామంటే గాలి లాక్కుపోయింది. మారిట్ నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో పెన్నుతో రాసింది. నూట డెబ్బై ఒకటి.

“గుప్పిట మూసెయ్యండి” అంది.

మూసేశాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లాక కూడా ఆ చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు. నవ్వుకుంటే నవ్వుకోండి.

*

మూడు వారాలకొకసారి వాళ్లను బిల్లింగ్స్ తీసుకెళ్లి, మర్నాడు మళ్లీ దింపడం నా పని. కారులో అయితే అయిదున్నర గంటలు, మంచు పడితే ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేరు. నా విమానంలో గంటా నలభై అయిదు నిమిషాలు. బామ్మగారు వెనక సీటు, మారిట్ నా పక్కన. ముగ్గురికీ చెవులకు హెడ్‌సెట్లు, కాబట్టి ఎవరేం మాట్లాడినా ముగ్గురికీ వినిపిస్తుంది.

మారిట్‌కి తెలుసుకోవాలనే యావ లేని విషయం లేదు.

“ఆ ముల్లు ఎందుకు వణుకుతోంది?”

“వణకాలి. ఆగిపోతేనే భయపడాలి.”

“ఈ మబ్బులకి అడుగున ఎవరో కత్తితో కోసినట్టు ఎందుకుంది?”

చెప్పాను.

“మీకు పెట్రోలుకి ఎవరూ డబ్బులివ్వరట కదా. ఎందుకు చేస్తున్నారిది?”

“విమానం నడపడం ఇష్టం. ఊరికే గిరగిరా తిరిగే బదులు ఎవరినైనా ఎక్కించుకుంటే మంచిదనిపించింది.”

“అంతేనా? పెద్ద కథ ఏదైనా ఉంటుందనుకున్నా.”

“లేదు. సారీ.”

“పెళ్లయిందా అబ్బాయ్?” అని వెనక నుంచి బామ్మగారి గొంతు.

“నానమ్మా.”

“నువ్వు అడగలేక మబ్బుల గురించి అడుగుతుంటే చూడలేకపోతున్నానే.”

మారిట్ కిటికీలోంచి కిందికి చూడసాగింది. కింద చూడ్డానికి ఏమీ లేదు, తెల్లటి మంచు తప్ప. నేను మాత్రం ఆ అమ్మాయిని ఏమీ అడగలేకపోయేవాణ్ని. ఏది అడిగినా అది జబ్బు దగ్గరికే చేరుతుందని భయం. అమ్మానాన్నలు లేరని, పశువుల్ని తానొక్కతే చూసుకుంటుందని, ఈ భూమ్మీద ఆమెకున్నది ఈ నానమ్మేనని అడక్కుండానే తెలిసింది. జబ్బు సంగతీ ఆమే చెప్పింది, మూడో ప్రయాణంలో. కడుపులో గడ్డ. తొమ్మిది దఫాలు మందు ఎక్కించాలి. అప్పటికి నన్ను ‘నువ్వు’ అంటోంది.

బామ్మగారు ప్రతిసారీ ఆలుగడ్డతో చేసిన పల్చటి రొట్టెలు వెన్న రాసి, చుట్టి తెచ్చేది. డబ్బు పుచ్చుకోకూడదన్నారు గానీ, రొట్టెల గురించి మా రూల్సులో ఏమీ లేదు. నేను నాలుగు తినేవాణ్ని. ఆవిడ ఒక్కటి కూడా తినేది కాదు.

“పొద్దున్నే తిన్నాలే” అనేది.

నాలుగో ప్రయాణంలో మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. వెనక సీటు బెల్టు ఆవిడకి నేనే బిగిస్తాను. మొదటి రోజు బిగించాక పట్టీ కొస నాలుగు వేళ్లు మిగిలింది. ఆ రోజు జానెడు మిగిలింది. అయిదోసారి జానెడున్నర. కోటు అదే, సీటు అదే. నా అరచేతిలో అంకె మాత్రం కదల్లేదు. నూట డెబ్బై, నూట డెబ్బై ఒకటి, మళ్లీ నూట డెబ్బై. మిషను పాడైందేమోనని ఇంట్లో పది పౌన్ల సుత్తి పెట్టి చూశాను. పదే చూపించింది.

మనిషి తగ్గుతోంది, బరువు తగ్గడం లేదు. ఇదేం లెక్కో నాకు అంతుపట్టలేదు.

*

ఆరో ప్రయాణం మార్చి మొదట్లో. ఆవులు ఈనే కాలం. మారిట్ నెల రోజులుగా కొట్టంలోనే పడుకుంటోందట, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. మిషను మీద అంకె చూసి నా చేతిలో రాసింది. నూట డెబ్బై ఒకటి. ఇంతలో పొరుగు రైతు దగ్గర్నుంచి ఫోనొస్తే, మాట్లాడ్డానికి పికప్ ట్రక్కు దగ్గరికి వెళ్లింది.

నేను బామ్మగారికి చెయ్యందించాను. ఆవిడ మెట్టెక్కలేక తూలింది. పట్టుకుని లేపబోతే, పాత ఉన్ని గౌను అంచు ఊగి నా మోకాలి చిప్పకు ఠంగున తగిలింది. నక్షత్రాలు కనిపించాయి.

“బామ్మగారూ, ఆ గౌనులో ఏముంది?”

“ఆడదాని గౌనులో ఏముందని అడిగే మగాణ్ని నిన్నే చూస్తున్నా.”

“చెప్పకపోతే ఇంజను స్టార్ట్ చెయ్యను.”

ఆవిడ మెట్టు మీదే కూర్చుంది. ట్రక్కు వైపు చూసి గొంతు తగ్గించింది.

“వాళ్ల తాతవి. చేపల గాలానికి కట్టే సీసం గుండ్లు. అంచులో కుట్టుకున్నా. నువ్వు తూచినా, ఆస్పత్రిలో తూచినా ఒకటే రావాలిగా.”

“ఎందుకు?”

“బరువు బాగా తగ్గితే మందు ఆపెయ్యాల్సొస్తుందన్నాడు డాక్టరు. నోరంతా పుళ్లు, నీళ్లు కూడా మింగలేకపోతున్నా. మందాపితే నేను పోతా. నేను పోతే పిల్లకెవరున్నారు చెప్పు? దానికి చెప్పకు నాయనా. నీకు దణ్ణం పెడతా.”

మంచి మనిషి, తన మనవరాలి కోసం ఎంత పని చేసింది.

“మందు ఎంత ఎక్కించాలో మీ బరువు చూసే లెక్కగడతారు కదండీ” అన్నాను. “నేను పెట్రోలు పోసినట్టే. లేని బరువుకి కూడా కలిపి మందు పోస్తున్నారు మీకు. పుళ్లు అందుకేనేమో.”

ఆ సంగతి ఆవిడకి తట్టనే లేదని మొహం చూస్తే తెలిసింది.

“నేను చెప్పను. మీరే చెప్పండి” అని నా జేబులోని చాకు తీసి ఇచ్చాను.

మారిట్ వచ్చేసరికి బామ్మగారు అంచు కుట్లు తెంపుతోంది. సీసం గుండ్లు ఒక్కొక్కటే మంచులో పడి కూరుకుపోతున్నాయి.

“తాతయ్య గుండ్లు కదా ఇవి. ఇక్కడెందుకున్నాయి?”

మారిట్ ఆ గుండ్లను చూసింది, నానమ్మను చూసింది, మిషను తెచ్చి మళ్లీ నేల మీద పెట్టింది. ఈసారి దుప్పటి పట్టుకోలేదు.

“నూట నలభై తొమ్మిది” అని పైకే చదివింది.

ఆ రోజు విమానంలో ఒక్క ప్రశ్న కూడా వినిపించలేదు. గంటా నలభై అయిదు నిమిషాలు. అంత పొడుగు ప్రయాణం నా జన్మలో చెయ్యలేదు.

బిల్లింగ్స్‌లో బామ్మగారిని టాక్సీ ఎక్కించి మారిట్ నా దగ్గరికి వచ్చింది.

“నీకు ఎప్పటి నుంచి అనుమానం?”

“నాలుగో ట్రిప్పు నుంచి. బెల్టు వదులవుతోంది.”

“ఆరు వారాలు. ఆరు వారాలు పక్కన కూర్చున్నాను. ఒక్క మాట అడగలేకపోయావా?”

“జబ్బు గురించి అడగకూడదు. రూలు.”

“ఆ రూలు తీసుకెళ్లి నీ ఇంజనులో పోసుకో” అంది. కళ్లు నిండిపోయాయి. “కట్టుకున్న బెల్టు చూసి నువ్వు కనిపెట్టావు. ఒకే ఇంట్లో ఉండి నేను కనిపెట్టలేదు.”

కోపం నా మీద కాదని అర్థమైంది. అయినా దెబ్బ నాకే తగిలింది.

*

మా ఆఫీసు వాళ్లు ప్రతి సోమవారం ఆన్‌లైన్‌లో ప్రయాణాల లిస్టు పెడతారు. ఎవరికి వీలైంది వాళ్లు తీసుకుంటారు. మార్చి మూడో వారం లిస్టులో స్కోబీ కనిపించింది. నేను అరగంట దాని వంకే చూస్తూ కూర్చున్నాను. నా మొహం చూడాలని ఆమెకి ఉండకపోవచ్చు. ఇంకెవరైనా వెళ్తే ఆమెకి హాయిగా ఉండొచ్చు. ఇంకెవరైనా పక్కన ఆమె కూర్చుని మబ్బుల గురించి అడుగుతుందన్న ఊహ రాగానే మాత్రం నొక్కేశాను.

స్కోబీలో దిగేసరికి మారిట్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“మళ్లీ నువ్వేనా? ఆఫీసు వాళ్లకి వేరే పైలట్లే దొరకరా?”

“వాళ్లు పంపరు. లిస్టు పెడతారు. మేమే ఎంచుకుంటాం.”

“అంటే?”

నాకు దాచడం చేతకాదు. “అంటే, మొదటిది తప్ప మిగతావన్నీ కావాలనే ఎంచుకున్నాను.”

ఆమె కట్టుకున్న చేతులు విప్పింది. ఏం చెయ్యాలో తెలీక మళ్లీ కట్టుకుంది. మొహం ఎర్రబడింది, అది చలికి అనుకుందామంటే ఆ రోజు ఎండ బాగా కాస్తోంది.

“మోతాదు తగ్గించారు” అంది. “పుళ్లు మానుతున్నాయి. డాక్టరు ఆపుతానన్నది రెండు వారాలేనట, తిండి పట్టేదాకా. నానమ్మ సగం విని మిగతా సగం కుట్టేసుకుంది.”

“ఎక్కండి ఎక్కండి” అని అరిచింది, అప్పటికే వెనక సీట్లోకి చేరిన బామ్మగారు. “నేను వినకుండా చెప్పుకోవాల్సినవేవో ఉన్నట్టున్నాయి. కానీ చలేస్తోంది.”

ఆ రోజు ఆవిడ ఒక రొట్టె తిన్నది. చిన్న చిన్న ముక్కలు చేసుకుని, గంటన్నరసేపు తిన్నది. మేమిద్దరం తల తిప్పకుండా, ఆ నమలడం హెడ్‌సెట్లో వింటూ కూర్చున్నాం.

*

పదో ప్రయాణం మే చివర్లో. మందులయిపోయాయి, పరీక్షలు చేసి ఫలితం చెప్పే రోజు. తిరుగు ప్రయాణానికి బిల్లింగ్స్ షెడ్డులో ఎదురుచూస్తూ, శుభ్రంగా ఉన్న కిటికీ అద్దాన్నే నాలుగుసార్లు తుడిచాను. టాక్సీ ఆగింది. బామ్మగారు దిగి, నా వంక చూడకుండా తిన్నగా విమానం వైపు నడిచింది. మారిట్ నా ముందుకొచ్చి నిలబడింది. ఏడ్చిందని తెలుస్తోంది. ఎందుకు ఏడ్చిందో తెలియడం లేదు.

నేను నిలబడ్డాను. ఆమె నిలబడింది.

“అడగవా?” అంది.

“అడగకూడదు.”

“ఎమ్మెట్. అడుగు.”

“బామ్మగారికి ఎలా ఉంది?”

“ఏమీ లేదట. వెతికి వెతికి చూశారట. గడ్డ ఎక్కడా లేదట.”

ఆ తర్వాత ఇద్దరిలో ఎవరు ముందు కదిలారో నేను చెప్పలేను. నా భుజం మీద ఆమె మొహం ఉంది, నా చొక్కా తడిసింది, నేను కూడా ఏడుస్తున్నాను. ఆమె కోసం, ఆవిడ కోసం, ఇకపై లిస్టులో స్కోబీ ఉండదని నా కోసం.

“ఇంకోటి అడుగు” అంది ఆమె తలెత్తకుండా.

“వచ్చే శనివారం ఏం చేస్తున్నావు?”

“దూడలకి గుర్తు కోసం వాతలు వేస్తున్నాం. చుట్టుపక్కల వాళ్లంతా వస్తారు. రా.”

“నాకు ఆవులంటే భయం.”

“తెలుసు. అయినా రా.”

శనివారం అయిదున్నర గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాను. రోగిని తీసుకురావడానికి వెళ్లడం లేదు కాబట్టి విమానం ముట్టుకోబుద్ధి కాలేదు. కొట్టం దగ్గర ఇరవై మంది రైతులు, దుమ్ము, వెంట్రుకలు కాలిన వాసన, దూడల అరుపులు. నా బూట్లు మరీ శుభ్రంగా ఉన్నాయని అందరూ వాటినే చూస్తున్నారు. బామ్మగారు కుర్చీలో కూర్చుని పళ్లెం నిండా మాంసం పెట్టుకుని తింటోంది.

“ఎవరు థోరా ఈ అబ్బాయి?” అని అడిగాడు పొరుగు రైతు. “కొత్త పశువుల డాక్టరా?”

“నాకేం తెలుసు” అంది ఆవిడ నములుతూ. “మారిట్‌ని అడగండి.”

ఇరవై తలలూ అటు తిరిగాయి. మారిట్ దూడ కాలు వదల్లేదు, తల కూడా ఎత్తలేదు.

“నావాడు” అంది. “అలా నిలబెట్టి చూడకండి. వచ్చి ఈ రెండో కాలు పట్టుకోమనండి.”