జి డ్రైవ్ జవాబు కోసం ఆగింది

జ్ఞానసుందరమ్మ తలకి టోపీ పెట్టి అప్పటికి పదకొండో రోజు. టోపీ నుంచి బయల్దేరిన సన్నటి తీగలు పక్క గదిలో సర్వర్ దాకా వెళ్ళాయి. డాక్టర్ ఇందుధర్ స్క్రీన్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "ఇంకో రెండు బీరువాలు గుర్తు చేసుకోండమ్మా, అయిపోతుంది," అన్నాడు.

అది 2051 జులై. డెల్టా చివర కాలువల ఆఫీసు. షేర్డ్ డ్రైవ్ అంటే పాఠకులకి తెలిసే ఉంటుంది. సర్వర్లో ఒక గది, దాని తలుపు ఆఫీసులో ప్రతి కంప్యూటర్లోనూ కనబడుతుంది. లోపలికి ఎవరు రావచ్చో పర్మిషన్లు చెబుతాయి. ఇందుధర్ కనిపెట్టిన కొత్త సంగతల్లా ఆ గదిలో ఫైళ్ళకి బదులు మనిషి జ్ఞాపకాన్ని పెట్టడం. రికార్డు రూములో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన జ్ఞానసుందరమ్మకి ఏ కాగితం ఎక్కడుందో తెలుసు. మరొకరికి తెలియదు. నెలాఖరుకి ఆవిడ రిటైరవుతోంది.

"మరైతే నన్నింక ఎవరూ ఏమీ అడగరన్నమాట," అంది ఆవిడ.

"ఒక్కరూ విసిగించరు. హాయిగా ఉండొచ్చు!"

ఆవిడ టోపీ తీసి, చెదిరిన జుట్టు సర్దుకుంది. పెళ్ళి చేసుకోలేదు. విసిగించేవాళ్ళున్నది ఆవిడకి ఈ ఒక్క ఆఫీసులోనే. ఆ మాట ఇందుధర్‌కి తట్టలేదు. ఎంతైనా సైంటిస్టు కదా పాపం.

నెలాఖరున దండ వేశారు, ఫొటో తీశారు. మర్నాటికి ఇరవై రెండు కంప్యూటర్లలో ఆవిడ జ్ఞాపకాల డ్రైవ్‌కి 'జి' అన్న గుర్తు వెలిసింది.

ఆగస్టు తొమ్మిదిన వరద వచ్చింది. కాలువ మీద నీళ్ళు ఆపే పద్నాలుగో లాకు షట్టర్ బిగుసుకుపోయింది. గంటకో అడుగు నీళ్ళెక్కుతున్నాయి. మధ్యాహ్నంలోపు షట్టర్ లేవకపోతే గట్టు తెగి, కింద మూడు ఊళ్ళ నాట్లు మునుగుతాయి. షట్టర్ పక్కన ఎక్కడో చేత్తో తిప్పే చక్రం ఒకటుందని పాత రిపేరు డ్రాయింగులో ఉంది. ఆ డ్రాయింగెక్కడుందో జి డ్రైవ్‌లో ఉంది.

సూపరింటెండెంట్ గౌస్ మొహియుద్దీన్ గారు మైకు ముందుకి వంగి, "పద్నాలుగో లాకు రిపేరు డ్రాయింగు!" అన్నారు.

'ఆక్సెస్ డినైడ్' అని స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు, అంటే లోపలికి రానివ్వనని.

ఇందుధర్ పరుగెత్తుకొచ్చి పర్మిషన్లు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అడ్మిన్‌గా తనే అడిగాడు. డినైడ్. సర్వర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. డినైడే. పదకొండు గంటలైంది.

టీ తెచ్చిన అటెండరు నూకరత్నం ట్రే పట్టుకుని అలాగే నిలబడి చూసింది.

"అట్టా గదమాయిస్తే ఆవిడెప్పుడు చెప్పింది సార్? ముందు స్టూలు లాక్కుని కూచోవాలి. భోంచేశారా అమ్మా అని అడగాలి. ఆ తర్వాతే కదా ఎవరైనా ఫైలు సంగతెత్తేది!"

గౌస్‌గారు కసురుకోబోయారు. ఇందుధర్ మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. జ్ఞాపకాన్ని కాపీ చేస్తే, దాన్ని చేరే దారి కూడా కాపీ అవుతుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆవిడ బుర్రలో ప్రతి ఫైలుకీ దారి ఆ ప్రశ్నతోనే మొదలైంది.

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "భోంచేశారా అమ్మా?"

ఎర్ర అక్షరాలు పోయాయి. తలుపు మాత్రం తెరుచుకోలేదు. 'జవాబు కోసం ఆగాను' అని వచ్చింది.

"ఆవిడ గొంతు వినాలి దానికి," అన్నాడు ఇందుధర్ నీరసంగా. "ఇవాళ భోంచేశారో లేదో డ్రైవ్‌లో ఎక్కడుంటుంది!"

గౌస్‌గారు జ్ఞానసుందరమ్మకి ఫోన్ చేసి మైకు దగ్గర పెట్టారు. ఇందుధర్ మళ్ళీ అడిగాడు.

"ఇంకా లేదు బాబూ. దొండకాయ వేపుడు పొయ్యి మీదుంది, ఈ వానకి గ్యాసు కూడా బద్ధకిస్తోంది. మీ గొంతేంటి అలా ఉంది? పద్నాలుగో లాకేనా? వరదొస్తే ముందు బిగుసుకునేది అదే. మూడో బీరువా, పై అర, గోనెగుడ్డలో చుట్టి పెట్టాను."

ఆవిడ చెప్పడం ముగిశాక జి డ్రైవ్ తెరుచుకుని అదే మాట చూపించింది.

పన్నెండు కాకుండానే షట్టర్ లేచింది. నాట్లు దక్కాయి.

ఆ జవాబు అక్కర్లేకుండా చెయ్యడానికి ఇందుధర్‌కి ఒక్క పూట పట్టింది. సవరణని గౌస్‌గారి చేతికిచ్చాడు. ఆయన దాన్ని భద్రంగా జి డ్రైవ్‌లోనే పెట్టించారు. తీసి ఎక్కించాలంటే జ్ఞానసుందరమ్మకి ఫోన్ చెయ్యాలి. రోజూ పదిన్నరకి ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. కూర సంగతి, మోకాళ్ళ సంగతి, ఆనక ఏదో ఫైలు సంగతి అడుగుతారు. సవరణ సంగతి ఇంతవరకూ ఎవరికీ గుర్తు రాలేదు. తన యంత్రం ఎందుకూ పనికిరాదని ఇందుధర్ కొన్నాళ్ళు దిగులుపడ్డాడు.

ఆదివారం ఆఫీసుండదు, సర్వర్ ఆపేస్తారు. ఫోన్ రాని ఆ ఒక్కరోజూ ఆవిడకి గడవదు. వరద తగ్గాక రెండో ఆదివారం, పదిన్నరకి ఫోన్ మోగింది.

"నేనమ్మా, ఇందుధర్‌ని. సర్వర్ టెస్టు చేస్తున్నాను."

"ఇవాళ సర్వరుండదు కదా బాబూ?"

అవతల స్టూలు లాగిన చప్పుడైంది.

"ఉండదమ్మా," అన్నాడు. "భోంచేశారా?"