కంచు మనిషితో మాటలు

సూర్యాపేటలో గిన్నెల వ్యాపారం చేసే చంద్రమౌళికి ఆ పొద్దున మెలకువ రావడంతోనే కూతురి గొంతు వినిపించింది. పుష్ప అతనితో మాట్లాడక పదకొండు నెలలైంది. అన్నం పెడుతుంది, నీళ్లు తోడుతుంది, ఏదడిగినా తలూపుతుంది, అంతే. నాయినా అన్న పిలుపు ఆ ఇంట్లో సరుకులా నిండుకుంది.

ధోతి సర్దుకుంటూ గబగబా పెరట్లోకి నడిచాడు.

పుష్ప పీటేసుకుని చింతపండుతో ఒక కంచు బొమ్మ భుజాలు తోముతోంది. "వానలు మంచిగనే పడ్డయి. మీ కోదాడ దిక్కు ఎట్లున్నదో! నిన్న సొరకాయ కూరల ఉప్పెక్కువైంది" అని దానితో చెబుతోంది. తండ్రిని చూడగానే నోరు మూసుకుంది.

అది ఫ్రాన్సులో పోతపోసిన పాత బొమ్మ. నిజాం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, మోతె దగ్గరి గడీ దొర పట్నం వెళ్లిపోతూ సామానంతా తెగనమ్మితే బిందెలూ గంగాళాలతో పాటు తూకానికి వచ్చింది. మూరన్నర ఎత్తు. ఎన్నో వందల ఏళ్లనాటి యోధుడట: తల మీద రెక్కల టోపీ, చేతిలో డాలు, చెంపలు దాటిన మీసం. "నలుపు పోనియ్యకు, దాని విలువంతా అందులోనే ఉంది" అని దొర గుమాస్తా చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెప్పాలని చంద్రమౌళికి తోచలేదు. పుష్ప దాన్ని బిందె తోమినట్టు తోమి తళతళలాడించింది.

ఏది ఉంటే లాభమో, ఏది పోతే లాభమో చూడగానే చెప్పగలడు చంద్రమౌళి. ఈ కంచు మనిషి పోతేనే లాభమని అప్పుడే తేల్చుకున్నాడు. బొమ్మే లేకపోతే తనతో మాట్లాడక ఏం చేస్తుంది?

పొద్దెక్కేసరికి బండి మట్టయ్య వచ్చాడు. మిర్యాలగూడలో పోత పనివాళ్లకు పాత కంచు చేరవేసేది అతనే.

"సేటూ, ఈయనెవరు? మీసం జూస్తే మా మామ లెక్కనే ఉన్నడు."

"ముచ్చట్లాపి ఎత్తు. నాలుగు దినాలైతే కరిగి చెంబులైతడు."

మట్టయ్య బొమ్మ నడుం పట్టాడో లేదో, పుష్ప వంటింట్లోంచి ఉరికొచ్చి డాలు పట్టుకుంది.

"ముట్టకు మట్టన్నా!"

"ఏంది బిడ్డా, బొమ్మకు గింత లొల్లా?" అన్నాడు చంద్రమౌళి.

"ఆయనొచ్చిన నాడు గూడ గిట్లనే సాగదోలినవు! 'మామా, ఒక్క పూట ఉంట' అని తలుపు కొడితే గడియ పెట్టినవు. తీయబోతే నా చెయ్యి గుంజినవు. ఊరు దాటకముందే పోలీసులు పట్టుకపోయిండ్రు. జైలుకు పోయి సూసొస్తనంటే దుకాణానికి చెడ్డపేరన్నవు. ఇగ నేనెవరితోని మాట్లాడాలె?"

"ఎడ్లకు నీళ్లు తాపొస్త సేటూ" అంటూ మట్టయ్య జారుకున్నాడు. పుష్ప ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది.

అల్లుడు కృష్ణమూర్తిది కోదాడ; దొరల మీద పోరాడిన సంఘంలో తిరిగిన మనిషి. అతన్ని వదులుకుంటే ఇల్లు, దుకాణం, కూతురు దక్కుతాయని ఆనాడు చంద్రమౌళి బేరీజు వేసుకున్నాడు. ఇల్లు దక్కింది. దుకాణం దక్కింది. కూతురు మాత్రం అదే ఇంట్లో ఉండి కూడా దక్కలేదు.

వంటింటి దాకా వెళ్లడానికి కాళ్లు రాలేదు. బొమ్మ ముందు పీట మీద కూలబడ్డాడు.

"అయ్యా, నీకే చెప్తున్న," అన్నాడు దాని ముఖంలోకి చూస్తూ. "ఆ పొద్దు నాకు భయమైంది. దుకాణం కోసం గాదు. బిడ్డను గూడ పట్టుకపోతరేమోనని. గా భయం సంగతి దానికి చెప్పుకోలేకపోయిన. తప్పు నాదే. రేపు బస్సెక్కి నల్లగొండ జైలుకు పోత. అల్లుని ముందట నిలవడ్త. తిడితే పడ్త. బిడ్డ నా ఎంబడి వస్తదో రాదో..."

వెనక గాజుల చప్పుడైంది. పుష్ప గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చెంపలు తడిసిపోయాయి.

"నాయినా," అంది. "గా బొమ్మకెందుకు చెప్తున్నవ్? నేనీడ్నే ఉన్న గద."