దిగాల్సిన మనిషి

పూరీ వెళ్లినప్పుడు లాడ్జి గదిలో మా ఆవిడ తాయారు తెల్లార్లూ కుర్చీలోనే కూర్చుంది. "ఆ దిండు మీద ఎవరెవరు తలలు పెట్టారో, నేను పడుకోనండీ బాబూ" అంది. అలాంటి మనిషికి ఊళ్లు తిరగడమంటే ప్రాణం. మాకు పిల్లల్లేరు. నాకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, గాజువాకలో అద్దె ఇల్లు. సెలవు దొరికితే చాలు, ఎక్కడికైనా పోదామనేది. తీరా పోయాక పడక దగ్గర పేచీ.

అందుకని ఈ ఏడు, రెండువేల రెండులో, నాకో ఆలోచన వచ్చింది. ఒక పాత వ్యాను కొని, వెనక మంచం వేయించుకుని, ఓ మూల కిరసనాయిల్ స్టవ్వు పెట్టుకుంటే ఏ ఊరెళ్లినా మన పక్క మనతోనే ఉంటుంది కదా అన్నాను. తాయారు ముందు నవ్వింది. మర్నాడు కిటికీ తెరలకి గుడ్డ కొనుక్కొచ్చింది.

ఆటోనగర్లో గవర్రాజు అని పాత బళ్ల బ్రోకరు ఉన్నాడు. షెడ్డు వెనక, తుప్పుపట్టిన లారీ కేబిన్ల మధ్య నిలబెట్టిన మెటడోర్ వ్యానొకటి చూపించాడు. రంగు వెలిసిపోయింది గానీ ఇంజను బాగానే ఉంది.

"బీమిలి రూట్లో సర్వీసు తిప్పినోరు సార్. మనుసుల్ని ఎక్కించిన బండి. సిమెంటు మోసిన బండి కాదు."

"మరి ఎందుకు ఆపేశారు?"

"ఓనరు ఊరొదిలి ఎలిపోనాడు" అన్నాడు. ఎందుకని నేనడగలేదు. చవగ్గా వస్తోందన్న సంబరంలో ఉన్నాను.

మంచం బిగించే పని దాలయ్యకి అప్పగించాను. దాలయ్య జాలరి ఇంట పుట్టి మెకానిక్కయినవాడు, నాకు పాత స్నేహితుడు. పని మొదలెట్టిన కొద్ది రోజులకి ఇంటికొచ్చి, వీధి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావా, నీకు ఈ బండే దొరికినాదేటి?"

"ఏమైంది?"

"ఎండుసేపల వాసన పోతన్లేదు. ఫినాయిలేసి కడిగినా అంతే." గొంతు తగ్గించాడు. "నాను కింద పడుకుని బోల్టులు బిగిత్తంటే లోపల్నుంచి ఎవులో పిలిసినట్టయ్యింది. బాబూ... అని. లేచి సూత్తే ఎవులూ లేరు."

లోపల్నుంచి తాయారు విని నవ్వింది. "చేపల బుట్టలు ఎక్కించుంటారు దాలయ్య గారూ. నాలుగు రోజులు ఎండలో ఉంటే అదే పోతుంది."

దాలయ్య నవ్వలేదు. పని మాత్రం పూర్తి చేసి ఇచ్చాడు.

కార్తీక మాసంలో ఒక శనివారం బయల్దేరాం. భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఎక్కడో ఆగి, ఉప్మా చేసుకుని తిని, అలల చప్పుడు వింటూ పడుకోవాలని మా ఆశ. బీచ్ రోడ్డెక్కేసరికి ఆకాశం మబ్బుపట్టింది. ఋషికొండ దగ్గర ఆగి మిరపకాయ బజ్జీలు తిన్నాం. తాయారుకి తలనొప్పిగా ఉందంటే వెనకెళ్లి పడుకోమన్నాను. కొత్త దుప్పటి, ఇంటినుంచి తెచ్చుకున్న దిండు. "ఇదండీ పడకంటే" అని ఆవిడ సంబరంగా నడుం వాల్చడం అద్దంలో చూశాను.

చినుకులు మొదలయ్యాయి. వెలుగు తొందరగా తగ్గిపోయింది. ఒక పక్క ఎర్రమట్టి గుట్టలు, ఇంకో పక్క సీసం రంగు సముద్రం. రోడ్డు మీద మనిషి లేడు. వైపరు కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది.

అప్పుడు వాసన వచ్చింది. ఉప్పు పట్టించి ఎండేసిన చేపల వాసన. దాంతోపాటు తడిసిన నూలుచీర వాసన. ఎవరో వానలో తడిసొచ్చి నా వెనకే కూర్చున్నట్టు...

"బాబూ... ఊరొచ్చినాదేటి?"

తాయారే. గొంతు తాయారుదే. మేము తూర్పు గోదావరి వాళ్లం. ఇన్నేళ్లు గాజువాకలో ఉన్నా ఆవిడకి ఈ యాస ఒక్క ముక్క పట్టుబడలేదు.

"ఏంటే, కొత్తగా వేళాకోళం?" అన్నాను.

టాపు మీద వాన చప్పుడు.

"నాను దిగాల బాబూ. మా పాప ఎదురు సూత్తది."

అద్దంలోకి చూశాను. మంచం ఖాళీగా ఉంది. తాయారు వెనక మూల, కింద రేకు మీద గొంతుకూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది. రెండు చేతులూ ఒళ్లో గుండ్రంగా చుట్టి పట్టుకుంది. ఏదో గంపని వాటేసుకున్నట్టు. ఆ చేతుల మధ్య ఏమీ లేదు.

బండి పక్కకి ఆపి వెనక్కి పరిగెత్తాను. భుజం పట్టుకుని కుదిపాను. ఒళ్లు ఐసుగడ్డలా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

"తాయారూ! నేనే. కొండలరావుని."

"ఆపీసినావేటి? ఇది మా ఊరు కాదు. పోనీ బాబూ... బేగి పోనీ."

విశాఖపట్నం తీసుకుపోయి ఏదైనా ఆసుపత్రిలో చూపిద్దామనుకున్నాను. సీట్లో కూర్చుని బండి వెనక్కి తిప్పాను.

ఏడుపు మొదలైంది. సన్నగా, గొంతులో అణుచుకుంటున్న ఏడుపు.

"ఎనక్కి తిప్పకు బాబూ... ఇంకెన్నిసార్లు తిప్పుతావు... నాను ఇంటికెల్లాల..."

ఏడుపు ఆగింది. దాని బదులు గురక... ఊపిరాడని మనిషి పెట్టే గురక. అద్దంలో తాయారు మొహం నల్లబడుతోంది. నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటోంది.

బండి మళ్లీ భీమిలి వైపు తిప్పాను.

ఊపిరి వచ్చింది.

ఇంక నేనేమీ ఆలోచించలేదు. భీమిలి ఊరు దాటాను. కరెంటు పోయి ఊరంతా చీకటిగా ఉంది. వెనక నుంచి గొంతు దారి చెబుతోంది. ఎడమ పక్కకి కాదు... నేరుగా... సరుగుడు తోపు దాటాల... ఆ గొంతులో ఇప్పుడు ఏడుపు లేదు. ఇల్లు దగ్గరపడిన మనిషి ఆత్రం ఉంది.

"ఇక్కడే బాబూ. ఇక్కడాపు."

ఆపాను. తాయారు దిగింది. ఇసకలో, చీకట్లో, ఎక్కడా తడబడకుండా నడిచింది. టార్చిలైటు పట్టుకుని నేను వెనకే పరిగెత్తాను. జాలరిపేట చివర, తిరగేసిన పడవ పక్కన ఒక పాక ఉంది. తాయారు ఆ తలుపు మీద చెయ్యి వేసింది.

"ఒలే ఈశ్వరీ. తలుపు తియ్యే. ఆలీసమైపోనాది."

లోపల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడు. తలుపు తెరుచుకుంది. ముప్పై దాటిన ఒకామె లాంతరు పట్టుకుని నిలబడింది. తాయారు మొహం ఆమె చూడలేదు. ఆ గొంతునే చూస్తున్నట్టుంది.

"అమ్మా?"

తాయారు ఆమె తల మీద చెయ్యి పెట్టి నిమిరింది. "బువ్వ తిన్నావేటి?" అంది.

అలాగే కుప్పకూలిపోయింది.

మేమిద్దరం కలిసి లోపలికి మోశాం. ఈశ్వరి నీళ్లు చల్లుతూ చెప్పింది.

"మాయమ్మ కాసులమ్మ. ఎండుసేపలమ్మడానికి విశాపట్నం వన్ టౌన్ ఎల్లీది. నా సిన్నప్పుడు ఓ రోజు సాయంత్రం సర్వీసు వేనెక్కిందని సూసినోల్లున్నారు. దిగినట్టు సూసినోల్లు మాత్రం లేరు. డ్రైవర్నడిగితే నాకు తెల్దన్నాడు. పీనుగైనా దొరకలేదు బాబూ. ఇన్నేల్లూ నాను తలుపేసుకుని పడుకున్నానన్న మాటే గానీ..."

కాసేపటికి తాయారు కళ్లు తెరిచింది.

"ఏవండీ... ఎక్కడున్నామండీ? నా కాళ్లకి ఈ ఇసకేంటి?"

నాకు ఏడుపొచ్చేసింది. అది మా తాయారు మాట. మా ఊరి మాట. ఒళ్లు కూడా వెచ్చబడింది.

ఈశ్వరి రాత్రికి ఉండిపొమ్మంది. సరేనన్నాను. బండి తలుపులు తీసే వదిలేశానని గుర్తొచ్చి, తాళం వేసి వస్తానని లేచాను. తాయారు నా చెయ్యి వదల్లేదు. తనూ వస్తానంది. దిగాల్సిన మనిషి దిగిపోయింది, ఇంక భయమెందుకని ఇద్దరం బయల్దేరాం.

వాన వెలిసింది. సముద్రం హోరు తప్ప చప్పుడు లేదు. తోపు పక్కన బండి అలాగే ఉంది. ఇంకా ఓ ఇరవై గజాల దూరంలో ఉన్నాం.

టప్... టప్.

ఎవరో బండి రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టారు. జనం ఎక్కేశాక, ఇక పోనిమ్మని క్లీనరు కొట్టే తీరు అది.

తలుపు దబ్బున పడింది. ఇంజను స్టార్టయింది.

తాళంచెవి నా గుప్పిట్లో ఉంది.

హెడ్‌లైట్లు వెలగలేదు. బండి చీకట్లోనే కదిలింది. నిండా జనం ఉన్నట్టు బరువుగా, మూలుగుతూ మా పక్కనుంచే పోయింది. టార్చి వేద్దామంటే నా వేలు కదల్లేదు. నాకు లోపల ఏమీ కనిపించలేదు. చీకటి, ఆ వాసన, అంతే. తాయారు వేళ్లు నా చేతిలో బిగుసుకున్నాయి. తర్వాత ఎంతసేపు అడిగినా ఒక్క మాట మాట్లాడలేదు.

తెల్లారాక బస్సులో ఇల్లు చేరాం. పోలీసులకి కంప్లైంటిచ్చాను. దాలయ్యా నేనూ ఆ రోడ్డంతా వెతికాం. బండి దొరకలేదు.

తాయారు తొందరగానే తేరుకుంది. తింటోంది, నవ్వుతోంది, ఈశ్వరిని చూసి రావాలంటోంది. ఒక్కటే మార్పు. నేను డ్యూటీ నుంచి వచ్చి తలుపు కొడితే వెంటనే తియ్యడం లేదు. కిటికీలోంచి నా మొహం చాలాసేపు చూస్తుంది. తలుపు తీశాక కూడా నాకు కాస్త దూరంగానే ఉంటుంది.

ఎందుకలా అని చాలా రోజులు అడిగాను. నిన్న చెప్పింది. వంటింటి గుమ్మం అవతలే నిలబడి, నా కళ్లలోకి చూడకుండా, గుసగుసగా...

"ఆ బండి మన పక్కనుంచి పోయినప్పుడు లోపలికి చూశానండీ. స్టీరింగు ముందు మీరే కూర్చున్నారు. నా వైపు చెయ్యి చాపి, దిగలేకపోతున్నానని ఏడుస్తున్నారు... మరి నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చిందెవరండీ?"